ఒకే గోతిలో ఇద్దరు, గుణకం 0.25: తాతా, బాబాయా, సవతి అన్నా?

#1 · పెంకులబుట్ట
అందరికీ నమస్కారం. ఇది పురాతన డీఎన్‌ఏ మీద ఇచ్చిన సాధన లెక్క, నిజమైన తవ్వకం కాదు. ఒకే గోతిలో ఇద్దరున్నారు.

'క': మగ, చనిపోయేనాటికి 45–55 ఏళ్లు. 'ఖ': 8–9 ఏళ్ల పిల్లవాడు, జన్యుపరంగా మగ. 1240కె ప్యానెల్‌లో (పురాతన డీఎన్‌ఏకి వాడే దాదాపు 12.4 లక్షల స్థానాల జాబితా) క కి 4,10,000 స్నిప్‌లు (మనిషికీ మనిషికీ ఒక్క అక్షరం మారే డీఎన్‌ఏ స్థానాలు), ఖ కి 95,000 స్నిప్‌లు చదవగలిగారు. ఇద్దరిలోనూ దొరికిన స్థానాలు దాదాపు 31,000. వాటిలో తేడా రేటు, అంటే ఇద్దరి అక్షరాలు కలవని చోట్ల వంతు, 0.215. ఆ శ్మశానంలో బంధుత్వం లేని జంటల మధ్యస్థ తేడా రేటు 0.246. వై గుంపు (తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము రకం) ఇద్దరిదీ ఒకటే, మైటో (తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ) వేరు.

సాఫ్ట్‌వేర్ 'రెండో అంచె' అంటోంది. వయసుల్లో నలభై ఏళ్ల తేడా ఉంది కదా, 'తాతా మనవలు' అని రాసేయొచ్చా?

#2 · గుణకం
రాయకండి. ముందు లెక్క వేద్దాం.

0.215 ని 0.246 తో భాగిస్తే 0.874. ఒకే మనిషి నుంచి రెండు శాంపిళ్లు తీస్తే ఈ నిష్పత్తి 0.5 వస్తుంది. తల్లీబిడ్డలకైనా తోడబుట్టినవాళ్లకైనా, అంటే మొదటి అంచెకి, 0.75, రెండో అంచెకి 0.875, మూడో అంచెకి 0.9375, బంధుత్వం లేకపోతే 1. రీడ్ ప్రోగ్రాం వీటి నడిమధ్యన గీతలు గీస్తుంది: 0.625, 0.8125, 0.90625. మీది రెండో అంచె గదిలో చక్కగా కూర్చుంది. బంధుత్వ గుణకం (ఇద్దరూ వారసత్వంగా పంచుకున్న డీఎన్‌ఏ వంతు) కావాలంటే 1 లోంచి నిష్పత్తి తీసేసి రెట్టింపు చేయండి: 2 × 0.126 = 0.252.

ఇక పొరపాటు పరిధి. 31,000 స్థానాలూ దేనికదే స్వతంత్రం అనుకుంటే గుణకం మీద ప్రామాణిక దోషం 0.02 లోపే. కానీ పక్కపక్క స్నిప్‌లు కలిసే వారసత్వంగా వస్తాయి, కాబట్టి అసలు దోషం దీనికన్నా ఎక్కువ. క్రోమోజోమును ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కనే తీసేస్తూ జాక్‌నైఫ్ చేయండి. అలా చేసినా 0.25 ని 0.125 తోనో 0.5 తోనో కలగలిపేంత దోషం ఇన్ని స్థానాలకు రాదు.

అసలు ప్రమాదం భాజకంలో ఉంది. 0.246 ఎక్కడిది? బయటి జనాభా నుంచి అరువు తెచ్చుకున్నదైతే ఫలితం అంతా జారుతుంది. ఆ 0.246 బదులు 0.240 పెట్టండి: నిష్పత్తి 0.896, గుణకం 0.21. గది మారలేదు గానీ గోడకి ఆనుకుంది. భాజకాన్ని అదే శ్మశానంలోని అన్ని జంటల మధ్యస్థంగానే తీసుకోవాలి. ఒకే కుటుంబం వాళ్లే సగం ఉంటే ఆ మధ్యస్థమే తగ్గిపోయి దగ్గరి బంధువులు దూరపువాళ్లలా కనిపిస్తారు. అలాంటప్పుడు పక్క ఊరి సమకాలీన శ్మశానంతో సరిచూసుకోండి.

#3 · వావివరస
గుణకం గారి లెక్కకి అనుబంధం. 'రెండో అంచె' అనే మాటలో తాత, బాబాయి, మేనమామ, సవతి అన్న అందరూ ఇరుక్కుని ఉన్నారు. మన వావివరసలు తల్లి వైపా, తండ్రి వైపా అన్నది ముందే విడగొట్టి పెట్టాయి. జన్యుశాస్త్రానికి కావలసిన విభజనా అదే. కాబట్టి తెలుగు వరసలతోనే పరీక్ష పెట్టండి:

నాన్న నాన్న: మనవడితో వై కలుస్తుంది, మైటో కలవదు, ఎక్స్ క్రోమోజోము అసలు పంచుకోడు.
బాబాయి, పెదనాన్న: అన్నదమ్ముల కొడుకులతో వై కలుస్తుంది, మైటో కలవదు.
మేనమామ: మేనల్లుడితో మైటో కలుస్తుంది. వై వేరు.
అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మ: మైటో కలుస్తుంది.
అమ్మ నాన్న: మనవడితో వై లేదు, మైటో లేదు. కానీ ఎక్స్‌లో సగటున సగం కలుస్తుంది.
మేనత్త: మేనల్లుడితో వై లేదు, మైటో లేదు.
నాయనమ్మ: మనవరాలితో ఒక ఎక్స్ మొత్తానికి మొత్తం కలుస్తుంది, ఎందుకంటే తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్‌ని కూతురికి ఉన్నదున్నట్టు ఇస్తాడు, అది వాళ్లమ్మదే. మనవడితో ఎక్స్ కూడా ఉండదు.
సవతి అన్నదమ్ములు, అంటే ఒకే తండ్రి: వై కలుస్తుంది. ఒకే తల్లి, వేరే తండ్రులైతే మైటో కలుస్తుంది. ఈ రెండో వరసకి మనకి నిండైన మాట లేదు, అదీ ఒక ఆధారమే అనుకోండి.

మీ జంటలో వై కలిసింది, మైటో కలవలేదు. మేనమామ, అమ్మమ్మ వైపు అందరూ లెక్కలోంచి పోయారు. మిగిలింది ముగ్గురు: నాన్న నాన్న, బాబాయి లేదా పెదనాన్న, సవతి అన్న.

#4 · గుణకం
వావివరస గారూ, ఒక సవరణ. అమ్మ నాన్నని అంత తేలిగ్గా వదలకండి. ఊరంతా ఒకే వంశం మగవాళ్లయితే అందరి వై ఒకటే. కూతురిని ఆ వంశంలోనే దూరపు దాయాదికి ఇచ్చి ఉంటే అమ్మ నాన్న వై కూడా మనవడితో కలుస్తుంది. తేల్చేది ఎక్స్. ఇద్దరి ఎక్స్‌ల తేడా రేటు బంధుత్వం లేనివాళ్ల స్థాయిలోనే ఉంటే అమ్మ నాన్న పోయాడు. ఎక్స్ మీద 1240కె స్నిప్‌లు తక్కువ, పైగా ఖ లో కవరేజీ (ఎన్ని స్థానాలు, ఎన్నిసార్లు చదివారన్నది) పలచన, కాబట్టి జవాబు మసగ్గా వస్తుంది. అయినా వేసి చూడండి.

వై విషయంలో ఇంకోటి. 95,000 స్నిప్‌ల పిల్లవాడిలో వై గుంపు పైకొమ్మ వరకే తేలి ఉంటుంది. పైకొమ్మ కలవడం అంటే ఇంటిపేరు కలవడం లాంటిది. గోత్రం కలిసినంతలో అన్నదమ్ములైపోరు.

#5 · లైబ్రరీ_మరక
మీరంతా గుణకాన్ని నమ్మేసి ముందుకెళ్లిపోయారు. ఆ 0.252 ఎక్కడి నుంచి వచ్చిందో అడగరా?

ఎముక: కణత ఎముక లోపల చెవి నిర్మాణాన్ని చుట్టుకుని రాయిలా గట్టిగా ఉండే పెట్రస్ భాగం. డీఎన్‌ఏ ఎక్కువ మిగిలేది అక్కడే. లేకపోతే పంటి వేరు మీది సిమెంటం. పొడిపొడిగా రాలిన పలుచటి పక్కటెముకలతో పని జరగదు. పసిపిల్లల పెట్రస్ పుర్రెతో ఇంకా అతుక్కోదు, ఊడి గులకరాయిలా పడి ఉంటుంది. జల్లెడ పట్టేవాడికి తెలియకపోతే రాళ్ల కుప్పలోకి పోతుంది.

ఎటువైపుది: ఎముకలు కలగలిసిపోయిన సమాధిలో ఎడమ పెట్రస్‌లే తీయాలని ముందే నిర్ణయించుకోండి. ఒకసారి ఎడమది, ఒకసారి కుడిది, ఒకసారి విడి పన్ను తీస్తే ఒకే మనిషి ముగ్గురై కూర్చుంటాడు. నిష్పత్తి 0.5 వస్తే 'కవలలు' అని సంబరపడక్కర్లేదు, ముందు మీ శాంపిల్ రిజిస్టర్ చూసుకోండి.

డ్రిల్: పొడి 50 మిల్లీగ్రాములు చాలు. డ్రిల్ చేసే ముందు సీటీ స్కాన్, ఫొటోలు తప్పనిసరి, మళ్లీ ఆ ఎముక అలా ఉండదు. పైపొర గీకేయాలి. వేగం ఎక్కువ పెడితే ఎముక వేడెక్కి డీఎన్‌ఏ ఇంకా విరుగుతుంది. ఎముక ఎముకకీ మధ్య డ్రిల్ మొన మార్చాలి. గదిలో బ్లీచు, యూవీ. ప్రతి విడతలో ఎముక పొడి వేయని ఖాళీ ట్యూబు ఒకటి చివరిదాకా నడిపించాలి, లేకపోతే రసాయనాల్లో ఏముందో తెలియదు.

బంధుత్వం లెక్కల్లో అన్నిటికన్నా ప్రమాదం బయటి మనిషి డీఎన్‌ఏ కాదు, పక్క శాంపిల్. క పొడి ఖ ట్యూబులో 5 శాతం కలిసిందంటే గుణకం ఉత్తినే 0.05 పెరుగుతుంది. 12 శాతం కలిస్తే ఏ సంబంధం లేనివాళ్లు మూడో అంచె బంధువులుగా కనిపిస్తారు. ఒకే ప్లేటులో పక్కపక్క గుంటల్లో ఉన్న లైబ్రరీలకి (సీక్వెన్స్ చేయడానికి సిద్ధం చేసిన డీఎన్‌ఏ ముక్కలకి) రెండు చివరలా వేర్వేరు బార్‌కోడ్ జంటలు పెట్టేది ఇందుకే. ఎక్స్ మీద చేసే కలుషితం పరీక్ష మగవాళ్లకి పనికొస్తుంది: మగవాడికి ఒకటే ఎక్స్, ఒకే చోట రెండు అక్షరాలు కనిపిస్తే రెండో మనిషి ఉన్నాడని. మీ ఇద్దరూ మగవాళ్లే కాబట్టి ఈ పరీక్ష చేయనందుకు సాకు లేదు.

పాత డీఎన్‌ఏ అనడానికి గుర్తు: ముక్కల చివర్లలో సీ బదులు టీ కనిపించడం. సగం యూడీజీ (ఆ మరకల్ని తీసేసే ఎంజైము) చేసిన లైబ్రరీల్లో ఆ మరక చివరి ఒకటి రెండు అక్షరాలకే మిగులుతుంది, వాటిని కత్తిరించేసి స్నిప్‌లు చదవాలి. ఒక శాంపిల్‌కి యూడీజీ చేసి ఇంకోదానికి చేయకపోతే ఆ మరకలన్నీ తేడాలుగా లెక్కకొచ్చి బంధుత్వం తగ్గిపోతుంది.

#6 · పెంకులబుట్ట
కలుషితం పరీక్షలో ఇద్దరికీ 1 శాతం లోపే ఉంది. ఖాళీ ట్యూబు శుభ్రం. ఎక్స్ తేడా బంధుత్వం లేనివాళ్ల స్థాయిలోనే ఉంది.

లెక్కలో రెండో పేజీ ఇప్పుడు చూశాను. మూడో మనిషి 'గ' ఉన్నాడు, నాలుగు మీటర్ల అవతల వేరే గోతిలో. మగ, 25–30 ఏళ్లు, 7,00,000 స్నిప్‌లు. గ–ఖ గుణకం 0.49, గ–క గుణకం 0.51. ముగ్గురికీ వై ఒకటే, ముగ్గురి మైటోలూ మూడు రకాలు. ఇక తేలిపోయినట్టేగా: క కొడుకు గ, గ కొడుకు ఖ?

#7 · వావివరస
సగం తేలింది. గ–ఖ మొదటి అంచె, మైటో వేరు, కాబట్టి ఒక తల్లి పిల్లలు కారు. ఎనిమిదేళ్ల వాడు తండ్రి కాలేడు. గ తండ్రి, ఖ కొడుకు, అనుమానం లేదు. క–గ కూడా మొదటి అంచె, మైటో వేరు, కాబట్టి తండ్రీకొడుకులే. బాబాయి పోయాడు.

కానీ ఎవరు ఎవరి తండ్రి?

#8 · పెంకులబుట్ట
క కి 50, గ కి 28. క పెద్దవాడు కదండీ?

#9 · వావివరస
కాదు. అవి చనిపోయిన వయసులు, పుట్టిన సంవత్సరాలు కావు. గ ఇరవై ఎనిమిదేళ్లకే పోయి, అతని ఒక కొడుకు ఎనిమిదేళ్లకి పోయి, ఇంకో భార్యకి పుట్టిన కొడుకు యాభై ఏళ్లు బతికి ఉండొచ్చు. అప్పుడు క, ఖ సవతి అన్నదమ్ములు. గుణకాలు అవే, వై అదే, మైటోలు మూడూ వేరే. మీ దగ్గరున్న ప్రతి అంకె రెండు వంశవృక్షాలకీ సరిగ్గా సరిపోతుంది. ఈ రంగంలో అందరూ జారే మెట్టు ఇదే.

#10 · గుణకం
నిజమే. వీటిని డీఎన్‌ఏతో విడదీయాలంటే రెండు దారులు.

ఒకటి, ముక్కల పొడవు. తాతకీ మనవడికీ మధ్య పంచుకున్న డీఎన్‌ఏ ముక్కలు తక్కువ, పొడుగు ఎక్కువ. సవతి అన్నదమ్ములకి అంతే మొత్తం, ఎక్కువ ముక్కలుగా వస్తుంది, మధ్యలో జన్యువుల కలబోత ఇంకోసారి జరుగుతుంది గనక. యాంక్‌ఐబీడీ లాంటి ప్రోగ్రాం 8 సెంటీమోర్గాన్ల (క్రోమోజోము మీద జన్యు దూరానికి కొలత) కన్నా పొడుగు ముక్కల్ని పట్టుకుంటుంది. దానికి జన్యుపటంలో చదవని చోట్లని ముందు అంచనాతో పూరించాలి, అందుకు 1240కె లో దాదాపు 6 లక్షల స్నిప్‌లు కావాలి. క కే 4.1 లక్షలున్నాయి, ఖ కి 95 వేలు. మళ్లీ సీక్వెన్స్ చేయించాలి. అదీ లైబ్రరీలో కొత్త ముక్కలు మిగిలి ఉంటేనే, లేకపోతే పాత ముక్కల నకళ్లే తిరిగి తిరిగి వస్తాయి.

రెండోది, గ తల్లిని వెతకడం. గ తో మైటో కలిసి, మొదటి అంచెలో ఉన్న ఆడమనిషి. ఆమెకీ గ కీ పంచుకున్న ముక్క జన్యుపటం పొడవునా ఎక్కడా తెగకూడదు, తోడబుట్టిన వాళ్లయితే నాలుగోవంతు చోట్ల ఏమీ కలవదు, నాలుగోవంతు చోట్ల రెండు ప్రతులూ కలుస్తాయి. ఆమెను 'చ' అనుకుందాం. క తాత అయితే చ అతని భార్య: చ–క గుణకం సున్నా దగ్గర. క మనవడైతే చ అతని నాయనమ్మ: 0.25. ఒక్క పన్ను దొరికితే గొడవ వదిలిపోతుంది.

#11 · రాకాసిగుడి
ఇంత లెక్క వేశారు, ఒక్కరూ మట్టి గురించి అడగలేదు.

ఇద్దరూ ఒకే గోతిలో ఉన్నారు అన్నారు. ఒకేసారి పెట్టారా, వేర్వేరు సార్లా? ఒకేసారి పూడిస్తే పని అయిపోయింది. క కి 50, ఖ కి 8, ఒకే రోజు పోయారంటే పుట్టుకల తేడా 42. గ ముప్పయ్యేళ్లకే పోయాడు, పదిహేనో ఏట మొదటి కొడుకు పుట్టాడన్నా అతని కొడుకుల మధ్య తేడా 15 దాటదు. సవతి అన్నదమ్ములు కుదరదు, క తాతే.

గోతిని మళ్లీ తవ్వి ఉంటే లెక్క తిరగబడుతుంది. ఖ పోయాక ఎన్నేళ్లకి క పోయాడు అన్నదాన్ని 'వ్యవధి' అనండి. ఖ పుట్టేనాటికి క వయసు 42 లోంచి వ్యవధి తీసేసినంత. తాత కావాలంటే కనీసం 30 ఉండాలి, అంటే వ్యవధి 12 ఏళ్లు మించకూడదు. సవతి అన్న కావాలంటే తేడా 15 లోపుండాలి, అంటే వ్యవధి కనీసం 27. క వయసు అంచనాలో ఎటు చూసినా ఐదేళ్లు ఊగుతుంది, ఆ మేరకు ఈ గీతలూ ఊగుతాయి.

చూడాల్సింది: గోతి అంచు గీత ఒకటా రెండా, పూడిక మట్టి రంగు ఎక్కడ మారింది, ఖ ఎముకల్లో కీళ్లు కలిసే ఉన్నాయా. కీళ్లు కలిసి ఉండగానే శవాన్ని జరిపితే కీళ్లని పట్టి ఉంచే స్నాయువులు ఇంకా కుళ్లలేదని. ఎముకలు ఎండి విడివిడిగా పక్కకి నెట్టినట్టుంటే చాలా ఏళ్ల తర్వాతే తెరిచారని.

#12 · ఉప్పురాయి
కార్బన్-14 తో ఆ వ్యవధి తేలుతుందా అని ఎవరో అడగబోతారు, ముందే చెబుతున్నా: తేలదు. కొలతలోనే 25–30 ఏళ్ల దోషం, క్యాలిబ్రేట్ చేశాక (కొలతని వక్రరేఖ మీద పెట్టి క్యాలెండరు ఏళ్లుగా మార్చాక) వంద, రెండొందల ఏళ్లు పరుచుకుంటుంది. క్రీ.పూ. 800–400 మధ్య వక్రరేఖ చదునుగా ఉంటుంది, ఆ కాలపు ఎముక ఏదైనా నాలుగొందల ఏళ్లలో ఎక్కడైనా పడొచ్చు. దక్షిణాది ఇనుపయుగపు పెద్దరాతి సమాధుల్లో కొన్ని ఆ గుంటలోనే ఉన్నాయి. వంశవృక్షం ఖాయమైన చోట దాన్నే షరతుగా పెట్టి తేదీల్ని ఇరుకు చేయొచ్చు, తేదీలతో వంశవృక్షాన్ని తేల్చబోవద్దు.

స్ట్రాన్షియం (నేల నుంచి తిండి ద్వారా పంటిలోకి చేరే మూలకం, దాని ఐసోటోపుల నిష్పత్తి కొలుస్తారు) వేరే ప్రశ్నకి జవాబిస్తుంది. మొదటి దవడపన్ను ఎనామెల్ పుట్టుక నుంచి మూడేళ్ల లోపు తయారవుతుంది, జ్ఞానదంతంది బాల్యం చివర్లో. రెండింటి నిష్పత్తీ ఊరి నేలతో కలవకపోతే ఆ మనిషి పెరిగింది ఇంకో చోట. ఆడవాళ్లు బయటి నుంచి వచ్చారా అన్నది తేల్చేది ఇదే. ఊరి నేల విలువ తెలియాలంటే ఎలుకల పళ్లు, నత్తగుల్లలు, మొక్కలు కొలవాలి. ఎరువులు చల్లిన పొలం గట్టున కోసిన మొక్కని తీసుకుంటే ఎరువు విలువే వస్తుంది.

#13 · వావివరస
నిజమైన శ్మశానాల్లో ఇవి ఎలా తేలాయో కొంచెం. 

ఫ్రాన్స్‌లో గుర్గీ: 128 మంది సమాధులు, 94 మంది జన్యుపటాలు, క్రీ.పూ. 4850–4500. పెద్ద వంశవృక్షంలో 64 మంది, ఏడు తరాలు. మూలపురుషుడి ఎముకలు అక్కడ మొదట పూడ్చినవి కావు, వేరే చోట నుంచి తెచ్చి ఒక స్త్రీ గోతిలో పెట్టారు. రాకాసిగుడి గారు చెప్పిన మట్టి మాట ఇక్కడ గుర్తుంచుకోండి: ఎముకల అమరిక చూడకుండా డీఎన్‌ఏ ఒక్కటే చూస్తే ఆయన్ని అక్కడే పోయిన తాతగా రాసేసేవారు. తల్లులుగా ఉన్న స్త్రీలలో చాలామందికి ఆ శ్మశానంలో తల్లిదండ్రులు లేరు, ఆ వంశంలో పెద్దయిన కూతుళ్లు దాదాపు కనిపించరు. అత్తారింటికి వెళ్లిపోయారన్నమాట. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బోలెడు, సవతి పిల్లలు ఒక్కరూ లేరు.

ఇంగ్లండ్‌లో హేజల్టన్ నార్త్, క్రీ.పూ. 3700 ప్రాంతం: 35 మందిని పరీక్షిస్తే 27 మంది ఒకే ఇంటివాళ్లు, ఐదు తరాలు. ఒక మగవాడు, అతనికి పిల్లల్ని కన్న నలుగురు స్త్రీలు. ఇద్దరు స్త్రీల సంతతి దక్షిణపు గదిలో, ఇద్దరిది ఉత్తరపు గదిలో. అంటే తండ్రి వంశంలోనే తల్లిని బట్టి గది. నాకు నచ్చిన విషయం వేరే ఉంది: ఆ వంశపు మగవాళ్లతో పిల్లల్ని కన్న స్త్రీలు వేరే మగవాళ్లకి కన్న కొడుకులు నలుగురు కూడా అదే సమాధిలో ఉన్నారు. రక్తం చూస్తే వంశంలో లేరు, ఎముకలు చూస్తే ఇంట్లోనే ఉన్నారు.

అందరూ తండ్రి వైపే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లోనే డోర్సెట్ ఇనుపయుగపు శ్మశానంలో ఎక్కువమంది ఒకే తల్లి వంశం, బయటి నుంచి వచ్చింది మగవాళ్లు. టర్కీలోని చాతల్‌హోయుక్‌లో 131 మందిని చూసిన 2025 అధ్యయనమూ ఇళ్లని తల్లి వైపు సంబంధంతోనే ముడిపెట్టింది. ఒక్క మాటలో ఇల్లరికం.

#14 · గుణకం
పక్కపక్కన పూడ్చితే బంధువులే అన్న నమ్మకానికి మందు: రష్యాలో సుంగీర్. దాదాపు 34,000 ఏళ్ల కిందట ఇద్దరు పిల్లల్ని తలకి తల ఆనించి, వేలాది మామత్ దంతపు పూసలతో పూడ్చారు. తోబుట్టువులనే చాలామంది అనుకున్నారు. 2017లో జన్యుపటాలు చూస్తే దగ్గరి బంధువులే కారు. ఆస్ట్రియాలో క్రెమ్స్-వాఖ్‌బర్గ్ దగ్గర దాదాపు 31,000 ఏళ్ల కిందటి శిశువుల జంట మాత్రం నిజంగానే ఏకరూప కవలలు. వేరే గోతిలో ఉన్న మూడో శిశువు వాళ్లకి మూడో అంచె బంధువు. కవలల్లో ఒకరు పుట్టినప్పుడే పోయారు, రెండోవారు కొన్ని వారాలు బతికారు, గోతిని మళ్లీ తెరిచారు.

పోలండ్‌లో కోషిత్సె కూడా చూడండి. 15 మంది, తలల మీద దెబ్బలతో చంపబడ్డవాళ్లు, క్రీ.పూ. 2880–2776. తల్లుల పక్కన పిల్లల్ని, అన్నల పక్కన తమ్ముళ్లని సర్ది పెట్టారు. తండ్రులు చాలామంది అక్కడ లేరు. పూడ్చినవాళ్లకి ఎవరు ఎవరి బిడ్డో తెలుసు.

#15 · రాకాసిగుడి
మన దగ్గరికి వద్దాం. రాకాసి గుళ్లు, పెద్దరాతి గూళ్లు, సిద్దిపేట నర్మెట, పుల్లూరుబండ దాకా. ఇక్కడ ఇలాంటి వంశవృక్షం ఆశించేవాళ్లకి రెండు చేదు నిజాలు.

ఒకటి వేడి. డీఎన్‌ఏ విరిగే వేగం ఉష్ణోగ్రతని బట్టే. న్యూజీలాండ్ మోవా పక్షి ఎముకల్లో 13 డిగ్రీల సగటు దగ్గర 242 అక్షరాల ముక్క సగానికి తగ్గడానికి 521 ఏళ్లు పట్టింది. మన నేల సగటు దానికి రెట్టింపు పైనే. హర్యానాలోని సింధు నాగరికత ఊరు రాఖీగఢీలో 61 శాంపిళ్లు తీస్తే పనికొచ్చే జన్యుపటం ఒక్కటే వచ్చింది. ఒక్క మనిషితో బంధుత్వం లెక్క వేయలేం కదా. హిమాలయాల్లో ఎముకల సరస్సు రూప్‌కుండ్ అయిదు వేల మీటర్ల ఎత్తున మంచులో ఉంది కాబట్టి 38 మంది వచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీ పాలుపంచుకున్న ఆ పనిలో ఒక్క బంధువుల జంటా తేలలేదు: కుటుంబాలకి కుటుంబాలు అక్కడ పోయాయనడానికి ఆధారం దొరకలేదు.

రెండోది పూడ్చే పద్ధతి. మన గూళ్లలో చాలావాటిలో శరీరాన్ని వేరే చోట కుళ్లనిచ్చి ఎంచిన ఎముకలు తెచ్చి పెట్టారు. ఒక గూట్లో ముగ్గురి తొడ ఎముకలు, ఒక్క పుర్రె. ఎవరి పన్ను ఎవరి తొడదో తేలదు. కాబట్టి పుర్రె, దవడ, పెట్రస్ ఎక్కడున్నా వాటికే మొదటి నంబరు ఇవ్వండి.

తవ్వేవాళ్లకి: పెట్రస్ కనిపించిన క్షణం నుంచి గ్లౌజులు, మాస్కు. నీళ్లతో కడగొద్దు, బ్రష్ చాలు. జిగురు, వార్నిష్ వద్దు. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో పెడితే లోపల చెమ్మ పట్టి సాయంత్రానికే బూజు. అల్యూమినియం రేకులో చుట్టి, కాగితపు సంచిలో, నీడన, ఐస్ పెట్టెలో. పక్కనే అర పిడికెడు మట్టి కూడా వేరే సంచిలో.

డీఎన్‌ఏ రాకపోయినా ఎనామెల్‌లోని అమెలోజెనిన్ ప్రొటీన్‌తో పిల్లల లింగం తేల్చొచ్చు. కొన్ని మిల్లీగ్రాముల ఎనామెల్ చాలు, వేడిని బాగా తట్టుకుంటుంది. బంధుత్వం చెప్పదు, కానీ 'తల్లీ కూతుళ్లు' అనే బోర్డు పెట్టేముందు అది కొడుకో కూతురో తెలుస్తుంది.

#16 · వావివరస
ఇంకో చిక్కు ఉంది, అది మనదే. మేనరికం.

మేనమామకి మేనకోడలిని ఇస్తే పుట్టిన బిడ్డకి తల్లితో గుణకం 0.5 కాదు, 0.625. వాళ్లిద్దరి నిష్పత్తి 0.6875 కి దిగుతుంది, రీడ్ దాన్ని మొదటి అంచెగానే ఇస్తుంది గానీ 'ఒకే మనిషి' గీతకి దగ్గరగా. మేనత్త కొడుకుని చేసుకుంటే 0.5625. ఇక కుండమార్పిడి పెళ్లిళ్లు: ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికి. రెండు జంటల పిల్లలు ఒకరికొకరు 0.25. సాఫ్ట్‌వేర్ వాళ్లనీ సవతి అన్నదమ్ముల్లాగే 'రెండో అంచె' అంటుంది!

#17 · గుణకం
కుండమార్పిడిని పట్టుకోవచ్చు. అలాంటి పిల్లలకి జన్యుపటంలో పదహారో వంతు చోట్ల రెండు ప్రతులూ కలుస్తాయి. సవతి అన్నదమ్ములకి, తాతా మనవలకి అది సున్నా. మళ్లీ దానికి మంచి కవరేజీ కావాలి. మేనరికానికి హాప్‌రో అనే ప్రోగ్రాం వాడండి, ఒకే మనిషిలో రెండు ప్రతులూ ఒకేలా ఉన్న 4 సెంటీమోర్గాన్ల పై పొడుగు ముక్కల్ని లెక్కిస్తుంది. 20 దాటిన ముక్కలు చాలా ఉంటే తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. చిన్న ముక్కలే ఎక్కువుంటే ఊరే చిన్నది, పెళ్లి మేనరికం కానక్కర్లేదు. ఈ రెండూ కలిపేసి 'మేనరికం దొరికింది' అని రాయడం తరచూ జరిగే తప్పు.

#18 · లైబ్రరీ_మరక
దాన్నే ఇంకొంచెం సాగదీస్తాను: మేనరికాలున్న ఊళ్లో భాజకం కూడా తగ్గిపోతుంది, #2 లో చెప్పింది ఇదే. ముందు హాప్‌రో, తర్వాత బంధుత్వం. ఈ వరస తప్పితే రెండుసార్లు చేయాల్సొస్తుంది.

#19 · పెంకులబుట్ట
రాకాసిగుడి గారూ, మట్టి ప్రశ్నకి జవాబు లెక్క చివరి పేజీలో ఉంది, గోతి అడ్డుకోత బొమ్మతో. ఖ మోకాళ్ల దగ్గర రెండో కోత గీత ఉంది, పైన లేత బూడిద రంగు పూడిక. ఖ కాళ్ల ఎముకలు విడివిడిగా గోతి అంచుకి నెట్టి ఉన్నాయి, పాదాల చిన్న ఎముకలు సగం లేవు. క ఒళ్లు చాపి పడుకున్నట్టు, కీళ్లు కలిసే ఉన్నాడు.

#20 · రాకాసిగుడి
అయితే క తర్వాతే వచ్చాడు, ఖ ఎముకలు ఎండిపోయాక. అంటే వ్యవధి కొన్నేళ్లైనా ఉంది. పన్నెండేళ్ల లోపా, ఇరవయ్యేడు దాటిందా అన్నది విడివిడి ఎముకలు చెప్పవు. పాదాల ఎముకలు సగం లేకపోవడం గోతిని ఒకటి కన్నా ఎక్కువసార్లు కదిపారేమో అనిపిస్తోంది, ఆ పూడికలో ఎలుక కన్నాలున్నాయేమో కూడా చూడండి. 'తాతా మనవలు' అని ఖాయంగా రాసుంటే కొట్టేయండి.

#21 · గుణకం
రాయాల్సింది ఇలా: 'క, ఖ రెండో అంచె బంధువులు, తండ్రి వైపు, గ ద్వారా. తాతా మనవలు లేదా సవతి అన్నదమ్ములు.' కింద ఒక వాక్యం, చ కోసం ఆ శ్మశానంలోని పెద్ద వయసు ఆడవాళ్లందరి మైటోలూ గ మైటోతో పోల్చాలని. మైటో మాత్రమే చదవడం చవక, అది కలిసిన వాళ్లకే 1240కె చేయించండి.

#22 · పెంకులబుట్ట
పోల్చాను. పదకొండు మంది ఆడవాళ్లలో ఇద్దరి మైటో గ తో కలిసింది. ఒకరికి 22 ఏళ్లు, ఒకరికి 60 దాటింది.

#23 · గుణకం
ఇద్దరికీ చేయించండి. #9 లో వావివరస గారు చెప్పింది మర్చిపోవద్దు, ఇరవై రెండేళ్ల ఆమే తల్లి కావొచ్చు.